కథలో కొత్త గ్రహం కట్టేవారికి చిట్కాలు

సైన్స్ ఫిక్షన్ రాద్దామని కూర్చున్న మన పిల్లలకు కల్పన తక్కువేమీ కాదు. నేలకు ఊదారంగు పులుముతారు, ఆకాశంలో రెండు చందమామలను పెడతారు, మనుషులకు నాలుగు చేతులిస్తారు. మూడో పేజీ తిప్పేసరికి ఆ గ్రహం ఎటో పోతుంది, పాత్రలు మాత్రం మిగులుతాయి. ఎందుకంటే ఆ గ్రహంలో పని లేదు. నీళ్ళు ఎవరు తెస్తారు, గింజ ఎట్లా ఉడుకుతుంది, అప్పు ఎవరు ఇస్తారు, పీనుగను ఎక్కడికి తీసుకపోతారు, ఇవేవీ రాసినాయన ఆలోచించలేదు. పరాయి లోకాన్ని నమ్మించేది దాని వింత కాదు, ఆ వింత నడుమ పొద్దు గడవడానికి జనం పడే పాట్లు.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పుట్టినవాళ్ళకు ఇందుకు కావలసిన సరుకంతా ఇంటి చుట్టే ఉంది. కాళ్ళ కింద బొగ్గయిపోయిన అడవి ఉంది. ఎదురెక్కిన నది ఉంది. అరడజను భాషలు వినబడే అంగడి ఉంది. ఎడారిలో సగం జీవితం పనిచేసి వచ్చిన పక్కింటాయన ఉన్నాడు. ఈ చిట్కాలన్నీ ఆ సరుకుతో చేసినవే.

1. ఒక్క మార్పు చేయండి, దాన్ని వంటింటి దాకా తీసుకెళ్ళండి.

పది వింతలు పేర్చితే ఒక్కటీ నిలబడదు. ఒకటే ఎంచుకోండి. మీ గ్రహంలో గాలి పలచన అనుకుందాం. మన దగ్గర నీళ్ళు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. గాలి పలచబడ్డ ఎవరెస్ట్ కొన మీద 70 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మరిగే నీళ్ళలోనే వేడి చాలకపోతే బియ్యం పలుకు మిగులుతుంది, కందిపప్పు పొద్దంతా పొయ్యి మీదున్నా మెదగదు. కనుక ఆవిరి బిగబట్టే గిన్నె ఆ గ్రహంలో పెళ్ళి సామానులో మొదటిదవుతుంది. దాని మూతకు వేసే రబ్బరు పండే ఊరు సంపన్నమవుతుంది. ఆ గిన్నె కొనలేనివాళ్ళు గింజను పిండి కొట్టి, పులియబెట్టి, నిప్పుల మీద కాల్చుకుని తింటారు. ఉడికిన అన్నం తినేవాళ్ళు, కాల్చిన రొట్టె తినేవాళ్ళు అని ఊరు రెండవుతుంది. పలచటి గాలిలో గొంతు దూరం పోదు కాబట్టి చేను గట్టు మీంచి కేకేసే అలవాటుండదు, చేతి సైగలు పెరుగుతాయి. ఎగిరే జీవికి రెక్కలు వెడల్పు కావాలి. దగ్గర దగ్గర ఒక నవలకు సరిపడా సంగతులు ఈ ఒక్క మార్పులోంచే వచ్చాయి. ఇంకో వింత జోడించాలనిపిస్తే ముందు మొదటిది పూర్తిగా వాడుకున్నారా అని చూసుకోండి.

2. లెక్క కట్టేటప్పుడు తెలిసిన చోటును కొలబద్ద చేసుకోండి.

నేరడిగొండ దగ్గరి కుంటాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు. గాలి అడ్డును పక్కనపెడితే అంత ఎత్తు నుంచి వదిలిన రాయి మన దగ్గర మూడు సెకన్లలో నేల తాకుతుంది. అదే ఎత్తు నుంచి అంగారకుడి మీద ఐదు సెకన్లు పడుతుంది. శని గ్రహపు చందమామ టైటాన్ మీద ఎనిమిది సెకన్లు. టైటాన్ మీద నిజంగానే వాన కురుస్తుంది, నీళ్ళ వాన కాదు, మీథేన్ వాన. అక్కడ ఆకర్షణ మనదాంట్లో ఏడో వంతే, గాలి మనకంటే చిక్కన. అందుకే చినుకులు పెద్దవిగా తయారై నిదానంగా దిగుతాయని శాస్త్రవేత్తల లెక్క. ఎనిమిది సెకన్లు కళ్ళు మూసుకుని కుంటాలను ఊహించుకోండి. నీళ్ళ చప్పుడు ఎట్లా మారుతుంది? కింద బండల మీద తుంపర ఎంత ఎత్తు లేస్తుంది? ఈ ఊహ నుంచి పుట్టే వర్ణన ఏ సినిమా నుంచీ అరువు తెచ్చుకున్నది కాదు.

3. మీ గ్రహానికి కార్తెలు కట్టండి.

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన చిట్కా. పరాయి గ్రహాల కథల్లో అందరూ గంటలు, నెలలు అనే రాస్తారు. మన రైతు అట్లా లెక్కపెట్టడు. సూర్యుడు 27 నక్షత్రాల మీదుగా నడిచే దారిని 27 కార్తెలుగా చేసుకున్నాడు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. ప్రతి కార్తెకూ ఒక పని, ఒక తిండి, ఒక భయం ఉన్నాయి. రోహిణిలో రోళ్ళు పగులుతాయి. మిరుగు (మృగశిర) నాడు ఇంగువ బెల్లం నోట్లో వేసుకుంటారు, చేపల కూర వండుకుంటారు. అప్పటి నుంచి కళ్ళన్నీ మొగులు మీదే. కాలాన్ని ఇట్లా చెబితే పాఠకుడికి వాతావరణం, వ్యవసాయం, నమ్మకం మూడూ ఒక్క మాటలో అందుతాయి.

ఇప్పుడు దాన్ని పైకి తీసుకెళ్ళండి. అంగారకుడి ఏడాది మన రోజుల్లో 687. అక్కడ 27 కార్తెలు కడితే ఒక్కోటి 25 రోజులకు పైగా సాగుతుంది. రోహిణి ఎండలు 25 రోజులు! ఇంకో పక్క ట్రాపిస్ట్-1 అనే నక్షత్రం ఉంది, మనకు 40 కాంతి సంవత్సరాల దూరంలో. దాని చుట్టూ ఏడు గ్రహాలున్నాయని 2017లో ప్రకటించారు. వాటిలో నాలుగోది ఆరు రోజులకు కాస్త పైబడిన కాలంలో ఒక చుట్టు తిరిగి వస్తుంది. అంటే ప్రభవ నుంచి అక్షయ దాకా మన అరవై సంవత్సరాల పేర్లూ అక్కడ మన ఒక్క ఏడాదిలో అయిపోతాయి. తొట్టెలలో పండుకున్న ఏడాది బిడ్డకు షష్టిపూర్తి. అట్లాంటి చోట వయసును ఏడాదులతో లెక్కపెట్టరు, మరి దేనితో లెక్కపెడతారు? వచ్చిన పళ్ళతోనా, మోయగల బరువుతోనా?

ఆ గ్రహాలు తమ నక్షత్రానికి ఎప్పుడూ ఒకే మొహం చూపుతూ ఉండవచ్చు. అట్లయితే ఒక పక్క ఎప్పటికీ మిట్టమధ్యాహ్నం, ఇంకో పక్క ఎప్పటికీ అర్ధరాత్రి. జనం ఆ రెంటి నడుమ మునిమాపు అంచున బతకాలి. అక్కడ పొద్దు కదలదు కాబట్టి "మాపటికి రా" అనలేరు. "నీడ నీ ఎత్తుకు రెండింతలయ్యే చోటికి రా" అంటారు. కాలాన్ని చోటుతో చెప్పే జనం పాటలు ఎట్లా ఉంటాయో రాసి చూడండి.

4. గ్రహమంతా ఒకే వాతావరణం పెట్టకండి.

మంచు గ్రహం, ఎడారి గ్రహం, అడవి గ్రహం అని ఒక్క మాటతో తేల్చేయడం బద్ధకం. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. ఆదిలాబాద్ ఏజెన్సీ ఊళ్ళలో జనవరి తెల్లవారుజామున ఐదు డిగ్రీల కిందికి పడిపోయిన రోజులున్నాయి. నల్లరేగడి పత్తి చేన్లు, టేకు అడవి, గోదావరి ఇసుక, కరీంనగర్ గ్రానైట్ గుట్టలు, అన్నీ ఒక్క పూట బస్సు ప్రయాణంలో కనబడతాయి. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో రాసిన డ్యూన్‌లో గ్రహమంతా ఎడారే. అది నిలబడిందంటే ఆ ఎడారి ఎందుకు అట్లా ఉందో, దాన్ని అట్లా ఉంచుతున్న జీవి ఏదో ఆయన చెప్పాడు కాబట్టి. మీరూ కారణం చెప్పగలిగితే సరే.

5. పాత్రల కాళ్ళ కింద ఏముందో రాసుకోండి.

గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి బాయిల్లో తవ్వే బొగ్గు 25 కోట్ల ఏళ్ళకు పైబడిన అడవి. అప్పుడు మన నేల ఇక్కడ లేదు. దక్షిణ ధ్రువం వైపున, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో అతుక్కుని ఉండేది. ఆ మహాఖండానికి ఈ గోండుల దేశం పేరుమీదే గోండ్వానా అని పేరు పెట్టారు. ఆ అడవిలో పెరిగిన గ్లోసోప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకు అచ్చులు మన గోదావరి లోయ రాళ్ళలో ఉన్నాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ కెప్టెన్ స్కాట్ బృందం మంచులో చనిపోయింది. చివరిదాకా వాళ్ళు వదలకుండా లాక్కొచ్చిన దాదాపు 16 కిలోల రాళ్ళలోనూ ఆ ఆకు అచ్చులే దొరికాయి. అంటార్కిటికా మంచులోనూ గోదావరి ఒడ్డు రాతిలోనూ ఒకే ఆకు! ఇంతకంటే పెద్ద వింతను ఎవరు కల్పించగలరు?

ఆ తరువాతి పొరల్లో, ప్రాణహిత పక్కన, వేమనపల్లి మండలం యామన్‌పల్లి దగ్గర ఒక రాక్షసబల్లి ఎముకలు బయటపడ్డాయి. జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. తొమ్మిది మీటర్ల ఆ అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. మన ఊరి పేరు మోస్తున్న జురాసిక్ జంతువది. పిల్లలకు తప్పక చూపించండి.

కథకు దీని ఉపయోగం ఏమిటంటే, గతం లేని గ్రహానికి వర్తమానం కూడా ఉండదు. రైలు నడవాలంటే బొగ్గు కావాలి. బొగ్గు ఉండాలంటే కోట్ల ఏళ్ళ కింద చెట్లు ఉండాలి, అవి కుళ్ళిపోకముందే బురదలో మునగాలి, పైన మట్టి పేరుకోవాలి. నిప్పు అంటుకోవాలంటే గాలిలో ఆక్సిజన్ ఉండాలి, అంటే అంతకుముందే ఎవరో దాన్ని తయారుచేసి ఉండాలి. నిన్నమొన్న పుట్టిన గ్రహంలో ఆవిరి ఇంజన్ పెట్టారంటే తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. మీ గ్రహవాసులు దేన్ని కాల్చుకుంటున్నారో, అది ఒకప్పుడు ఏ ప్రాణమో రాసుకోండి. కథలో చెప్పకపోయినా ఫర్వాలేదు.

6. ఒక చెట్టు పెడితే దాని మీద బతికేవాళ్ళను కూడా పెట్టండి.

ఉట్నూరు అడవుల్లో ఇప్పచెట్టును చూడండి. ఎండాకాలం మొదట్లో పూస్తుంది. పువ్వు రాత్రి పూట రాలుతుంది. తెల్లవారకముందే ఆడవాళ్ళు, పిల్లలు గంపలతో చెట్టు కిందికి చేరతారు. ఎలుగుబంటికి కూడా ఆ పువ్వు ఇష్టమే, కాబట్టి ఏరడానికి పోవడంలో ప్రమాదం ఉంది. పువ్వు కనబడాలని కింద ఆకులు కాలబెడతారు, ఆ మంట ఒక్కోసారి అడవికి అంటుకుంటుంది, అప్పుడు ఫారెస్టువాళ్ళతో తగువు. ఎండబెట్టిన పువ్వు తిండి, సారా, లడ్డూ, దేవుడికి నైవేద్యం. గింజ నూనె. ఒక్క చెట్టు చుట్టూ జంతువు, సర్కారు, దేవుడు, తగువు అన్నీ ఉన్నాయి. మీ గ్రహంలో మెరిసే నీలం చెట్టు అందంగా ఉంటే చాలదు. దాని కింద ఎవరెవరు ఏ వేళకు వస్తారో, ఎవరికి ఎవరితో పేచీయో తెలియాలి.

7. నీళ్ళ దారి గీయండి, ఆ దారి చెడిపోయే రోజు కూడా రాయండి.

ఊరి పటం గీసేముందు నీళ్ళ పటం గీయండి. మన దగ్గర 2019లో కాళేశ్వరం ఎత్తిపోతలు ప్రారంభమయ్యాక మేడిగడ్డ నుంచి అన్నారం, సుందిళ్ళ మీదుగా ఎల్లంపల్లి దాకా గోదావరి నీళ్ళను ఎగువకు నెట్టారు. రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గర నేల లోపల ఒక్కోటి 139 మెగావాట్ల మోటర్లు ఏడు బిగించారు. నది ఎదురెక్కడం పురాణంలో వింటే అద్భుతం, ఇక్కడ అది కరెంటు బిల్లు. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. కథల్లోని పరాయి నాగరికతల యంత్రాలు ఎప్పుడూ చెడిపోవు, తుప్పు పట్టవు, వాటిని బాగుచేసే మనిషి కనబడడు. కుంగిన స్తంభం, దాని మీద ఎంక్వయిరీ, నీళ్ళు రాని కాలువ మీద కూర్చున్న రైతు, ఇవి ఉంటేనే ఆ ప్రాజెక్టు నిజంగా కట్టినట్టు. మిడ్ మానేరు కింద మునిగిన ఊళ్ళవాళ్ళను కలిసి మాట్లాడండి. మీ గ్రహంలోని సరస్సు అడుగున ఏ ఊరు ఉందో అప్పుడు మీకే తెలుస్తుంది.

8. పనివాళ్ళ మాటలు పెట్టండి, వాటికి అర్థాలు చెప్పకండి.

సింగరేణి కార్మికుడు ఇంటికొచ్చి "ఈ రోజు నేను భూగర్భంలోని బొగ్గు గనిలో పనిచేశాను" అనడు. బాయి దిగిన, ఎక్కిన అంటాడు. తట్ట, చెమ్మస్, టబ్బు, హాలేజ్, బదిలీ ఫిల్లర్, సర్దార్, గోఫ్, ఈ మాటలతోనే ఆ లోకం కట్టి ఉంది. తట్ట చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తిన తరం పోయి ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి, మాటలు మాత్రం ఇళ్ళలో మిగిలాయి. చీకట్లో పైకప్పును కర్రతో తట్టి, వచ్చే చప్పుడును బట్టి అది గట్టిదో బోలుదో చెప్పగలగడం వాళ్ళ విద్య. ఊతంగా నిలబెట్టిన దుంగ కిర్రుమంటే పరుగెత్తాలి. పైన సైరన్ వేళ కానివేళ మోగితే కాలనీలో ప్రతి ఇంటి ఆడమనిషీ వాకిట్లోకి వస్తుంది.

మీ గ్రహంలో కూడా ప్రాణం కాపాడే చప్పుడు ఏదో ఉండాలి. గుడారం గోడలోంచి గాలి కారుతుంటే వచ్చే ఈల కావచ్చు, మంచు పలక కింద నీళ్ళు కదిలే మూలుగు కావచ్చు. ఆ చప్పుడు వినగానే పాత్ర ఏం చేస్తుందో చూపిస్తే మాటకు అర్థం దానంతటదే తెలిసిపోతుంది. అల్లం రాజయ్య కథలు చదవండి. గోదావరి ఒడ్డు పల్లెను, బొగ్గు బాయిని ఎన్నడూ చూడని పాఠకుడు కూడా అందులో దారి తప్పడు, ఎందుకంటే మనుషులు పనిలో ఉండగానే మనకు పరిచయమవుతారు. పదకోశం పెట్టాల్సి వచ్చిందంటే సన్నివేశం సరిగా రాయలేదన్నమాట.

9. పండుగకు పని చెప్పండి.

పరాయి గ్రహాల కథల్లో పండుగంటే దీపాలు, డప్పులు, రంగుల పొగ. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర చూసినవాళ్ళు అట్లా రాయలేరు. గోండుల్లో మెస్రం వంశంవాళ్ళు కాలినడకన జన్నారం వైపు హస్తినమడుగుకు పోయి గోదావరి జలం తెస్తారు, ఆ నీళ్ళతోనే పూజ. ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళను దేవుడికి పరిచయం చేస్తారు, దాన్ని బేటింగ్ అంటారు. అది అయ్యాకే ఆ పిల్ల పూర్తిగా వంశంలో మనిషి. 1940లలో మొదలైన దర్బారులో గిరిజనుల ఫిర్యాదులు అధికారుల ముందుకు వస్తాయి.

అంటే ఆ జాతర గుడి, జనాభా రిజిస్టరు, కోర్టు, సంబంధాలు కలుపుకునే చోటు, అంగడి, అన్నీ. పండుగ ఆగిపోతే ఆ ఏటి కోడళ్ళ సంగతేమిటి, ఫిర్యాదుల సంగతేమిటి అని అడగవచ్చు. అట్లా అడగగానే కథ మొదలవుతుంది. మీ గ్రహపు పండుగను ఒక్క ఏడాది రద్దు చేసి చూడండి. ఎవరికీ ఏ నష్టమూ కలగకపోతే అది పండుగ కాదు, అలంకారం.

10. ఒక గ్రహానికి ఒకే భాష, ఒకే జాతి అనుకోకండి.

ఉట్నూరు అంగడిలో ఒక గంట నిలబడితే గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ, తెలుగు వినబడతాయి. గోండుల్లోనే నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగాలు, అంటే వంశాల గుంపులు, ఉన్నాయి. ఒకే సగాలో పెళ్ళి కుదరదు. వాళ్ళ వంశాల కథలను కిక్రి వాద్యం వాయిస్తూ పాడి గుర్తుంచుకునేది ప్రధాన్లు. అంటే ఒక జాతి చరిత్ర ఇంకో జాతి గొంతులో ఉంది! ఆ పాడేవాడు అలిగితే ఏమవుతుంది? నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల వల్ల గోండికి సొంత లిపి ఉందని బయటి లోకానికి తెలిసింది, 2018లో అది యూనికోడ్‌లో చేరింది. ఊళ్ళో కొద్దిమంది పెద్దల దగ్గర మిగిలిన అక్షరాలు ఇప్పుడు ఫోన్లలోకి రాగలుగుతున్నాయి. ఇంత చిన్న కొండప్రాంతంలో ఇన్ని ఉండగా కోట్ల మంది ఉన్న గ్రహంలో అందరూ ఒకే మాట మాట్లాడతారంటే ఎట్లా నమ్మాలి?

11. అక్కడి ఆకాశంలో అక్కడివాళ్ళకు కనబడేది రాయండి.

మనం సప్తర్షులంటున్న ఏడు చుక్కల్లో నాలుగు మంచం కోళ్ళని, వెనకున్న మూడూ ఆ మంచాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలని గోండులు చెబుతారు. టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త మయాంక్ వాహియా బృందం విదర్భ గోండుల ఆకాశజ్ఞానాన్ని సేకరించి ప్రచురించింది. మునులను చూసినా మంచాన్ని చూసినా చుక్కలవే, చూసేవాళ్ళ ఇల్లు వేరు. అంగారకుడి చందమామ ఫోబోస్ ఎనిమిది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి అక్కడ నిలబడి చూస్తే పడమర పొడిచి తూర్పున గుంకుతుంది. అక్కడ పుట్టిన పిల్లకు ఆ పరుగెత్తే చందమామలో ఏం కనబడుతుంది?

12. గ్రహానికి కూలీలను ఎవరు పంపుతున్నారో చెప్పండి.

అంతరిక్ష కాలనీల కథల్లో అందరూ శాస్త్రవేత్తలు, పైలట్లు. గోడలు కట్టింది ఎవరు? మరుగుదొడ్లు కడిగింది ఎవరు? సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోయినవాళ్ళకు ఇంకో లోకంలో పనిచేయడమంటే ఏమిటో తెలుసు. మిత్తికి తెచ్చిన అప్పు, ఏజెంటు, కంపెనీ వీసా, ఆజాద్ వీసా, యజమాని కఫీల్ దగ్గర పెట్టేసిన పాస్‌పోర్టు, ఒక గదిలో అంచెలంచెల మంచాలున్న లేబర్ క్యాంపు, పారిపోయి దొంగచాటుగా బతికే ఖల్లివెల్లి మనిషి. ఈ ఏర్పాటంతా ఏ నవలాకారుడూ కల్పించాల్సిన పనిలేకుండా మన ఊళ్ళలో సిద్ధంగా ఉంది.

దీన్ని అంగారకుడికి పంపండి. భూమి, అంగారకుడు ప్రయాణానికి అనువుగా ఎదురుపడేది 26 నెలలకోసారి. గల్ఫ్ కూలీకి రెండేళ్ళకోసారి దొరికే సెలవుకు అది దాదాపు సమానం. ఓడ తప్పిపోతే ఇంకో 26 నెలలు. అంగారకుడి నుంచి మాట భూమికి చేరడానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, జవాబుకు మళ్ళీ అంతే. కనుక ఫోన్‌లో మాట్లాడుకోలేరు, ఉత్తరం లాగా మొత్తం చెప్పి పంపాలి. ఊళ్ళో ఉన్న భార్య చెప్పేది విని కూలీ జవాబు చెప్పేలోపు అక్కడ ఆసుపత్రిలో ఏదో అయిపోయి ఉండవచ్చు. చనిపోతే పీనుగను తెచ్చుకోవడానికి ఎవరెవరి సంతకాలు కావాలి? శంషాబాద్ విమానాశ్రయంలో పెట్టె కోసం ఎదురుచూసిన ఇళ్ళు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. తెలుగులో రావలసిన అంగారక నవల ఇది. దీన్ని కరీంనగర్ మనిషే రాయగలడని నాకు గట్టి నమ్మకం.

13. ఆ నేల ఎవరి పేరున ఉందో రాసుకోండి.

భూమి నుంచి ఓడ దిగడం, జెండా పాతడం, అడవి నరకడం, దీన్ని విజయంగా రాసిన కథలు కొల్లలు. జోడేఘాట్‌లో 1940లో గోండు నాయకుడు కుమ్రం భీం ప్రాణమిచ్చింది ఇట్లా వచ్చినవాళ్ళకు ఎదురు నిలిచే. పోడు కొట్టుకున్న చేను ఒక రోజు పొద్దున సర్కారు అడవి అయిపోయింది, మేపుకున్న గొడ్డు మీద పన్ను పడింది. కరీంనగర్ చుట్టూ గుట్టలు టాన్ బ్రౌన్ గ్రానైట్ పలకలై ఓడలెక్కాయి. మీ గ్రహంలో పట్టా ఎవరిస్తారు, హద్దురాయి ఎవరు పాతారు, పన్ను ఏ రూపంలో కడతారు? ఈ మూడింటికి జవాబు రాసుకుంటే విలన్ కోసం వేరే వెతుక్కోనక్కరలేదు.

14. గోండులకు గ్రహాంతరవాసుల వేషం కట్టించకండి.

ఇంతవరకు చెప్పినదంతా చదివి ఎవరైనా గుస్సాడీ ఆటగాళ్ళ నెమలి ఈకల టోపీని నీలిరంగు మనుషుల తలమీద పెడితే నాకు చాలా బాధ కలుగుతుంది. వాళ్ళు మన కథలకు వింత సరుకు కాదు. వాళ్ళు రేపు మీ పుస్తకం చదివే పాఠకులు, రేపు ఇంతకంటే మంచి సైన్స్ ఫిక్షన్ రాయబోయే రచయితలు. వారి నుంచి నేర్చుకోవలసింది రూపం కాదు, ఒక సమాజంలో నీళ్ళు, పెళ్ళి, దేవుడు, నేల ఒకదానితో ఒకటి ఎట్లా ముడిపడతాయన్న పద్ధతి. పద్ధతి తీసుకోండి, దుస్తులు వదిలేయండి.

జోడేఘాట్ పోరాటం తరువాత నిజాం సర్కారు పిలిపించిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయిలో ఉండి గోండి నేర్చుకుని పరిశోధన చేశాడు. గోండి వాచకాలతో బడి మొదలైంది. ఆయన, ఆయన భార్య బెట్టీ సమాధులు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉన్నాయి. పరాయి లోకాన్ని రాయడానికి అంత కాలం, అంత ఓపిక పడుతుంది. అమెరికా రచయిత్రి అర్సులా లెగ్విన్ మానవశాస్త్రవేత్త క్రోబర్ కూతురు. 1969లో ఆమె రాసిన ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్‌లో బయటి నుంచి వచ్చిన దూత అక్కడివాళ్ళను మొదట తప్పుగా అర్థం చేసుకుంటాడు. ఆ తప్పు మెల్లమెల్లగా సరికావడమే నవల. మీ కథ చెప్పేవాడు కూడా అన్నీ తెలిసినవాడు కాకపోతే మంచిది.

15. పేర్లను పొరలుగా పెట్టండి.

ఒకే రోజు ఒకే మనిషి పెట్టినట్టుండే పేర్లు అబద్ధంగా వినబడతాయి. ఒకప్పుడు ఎలగందుల పెద్ద ఊరు, తరువాత దాని స్థానం కరీంనగర్‌కు వచ్చింది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయి ఆసిఫాబాద్ ముందు కుమ్రం భీం చేరాడు. అయినా ముసలివాళ్ళు పాత జిల్లా పేరే చెబుతారు. మీ గ్రహంలో ఒక ఊరికి చెట్టు పేరు, ఒక ఊరికి రాజు పేరు, ఒక ఊరికి కంపెనీ షాఫ్టు నంబరు పెట్టండి.

16. రాసుకున్నదంతా కథలోకి ఎక్కించకండి.

రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి గ్రహం కోసమే పెట్టుకోండి. కార్తెలు, నీళ్ళ పటం, వంటలు, అప్పులు, తిట్లు, చావు ఆచారాలు అన్నీ అందులో రాయండి. కథలోకి వచ్చేది అందులో పదో వంతు ఉంటే ఎక్కువ. మిగతాది మీ చేతికి ధైర్యమిస్తుంది, వాక్యం తడబడకుండా చూస్తుంది.

కథ రాసేముందు ఒక్క పని చేయండి. చదువుతో పని లేకుండా జీవితమంతా వ్యవసాయం చేసిన పెద్దమ్మనో తాతనో పట్టుకుని మీ గ్రహం గురించి చెప్పండి. రాకెట్టు గురించి వాళ్ళు అడగరు. అక్కడ ఏం పండుతది, బర్రెలున్నయా, వాన ఎప్పుడు పడుతది, పిల్లకు పెండ్లి ఎట్ల చేస్తరు, నీళ్ళెవరు మోస్తరు అని అడుగుతారు. ఏ ప్రశ్న దగ్గర మీరు ఆగిపోతారో అది నోట్‌బుక్‌లో రాసుకుని, మొదటి అధ్యాయాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టండి.